ఎలీసమ్మ, ఇసబెల్లా ఒక్కరే



మొన్న ఒక ఆదివారం దివ్యపూజ అయ్యాక యువ దంపతులు ఇద్దరు పసిపాపను ఎత్తుకొని నా బంగళాకు వచ్చారు. వెంట పిల్ల నాయనమ్మ కూడా ఉంది. జ్ఞానస్నానానికి పేరు రాయించాలి. తన తల్లి పేరు ఎలీసమ్మ అని, మనుమరాలికి ఆ పేరే పెట్టాలని నాయనమ్మ పట్టు. తల్లిదండ్రులకు అది ససేమిరా ఇష్టం లేదు. పాతకాలం పేరట, బడిలో పిల్లలు నవ్వుతారట. వాళ్ళు ముందే ఒక పేరు ఖాయం చేసుకొని వచ్చారు. ఇసబెల్లా. ఏదో సినిమాలో విన్నారట.

నాకు నవ్వు ఆగలేదు. ఆ రెండూ ఒకే పేరని చెప్పాను. ముగ్గురిలో ఒక్కరూ నమ్మలేదు. ఫాదరుగారు తగువు తీర్చడానికి ఏదో కల్పించి చెబుతున్నారన్నట్టు నాయనమ్మ నా వంక చూసింది. ఆ పూట తొందరలో వారికి పూర్తిగా చెప్పలేకపోయిన సంగతి ఈ వారం మీ అందరికీ చెబుతాను.

ఈ పేరు పుట్టింది హీబ్రూ భాషలో. మోషే అన్న అయిన అహరోను భార్య పేరు ఎలీషెబ అని నిర్గమకాండం ఆరవ అధ్యాయంలో చదువుతాము. ఎలీ అంటే నా దేవుడు. షెబ అన్న రెండో ముక్క దగ్గర పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఎందుకంటే హీబ్రూలో ఏడు అనే అంకెకూ, ఒట్టు పెట్టుకోవడం అనే మాటకూ అక్షరాలు ఒకటే. ఆదికాండంలో అబ్రహాము ఏడు ఆడ గొర్రెపిల్లలను ఇచ్చి ప్రమాణం చేసుకొన్న చోటికి బెయేర్షెబా అని పేరు వచ్చింది. ఏడింటి బావి అనవచ్చు, ఒట్టు బావి అనవచ్చు. ఏడుకూ ఒట్టుకూ ఉన్న ఈ చుట్టరికం మనకు మరీ కొత్తేమీ కాదు. మన హిందూ సోదరుల పెళ్ళిళ్ళలో ఏడడుగులు నడిచాకే గదా ఇచ్చిన మాట గట్టిపడేది! కాబట్టి దేవుడే నా ఒట్టు అని ఈ పేరుకు అర్థం చెప్పేవారు ఎక్కువ. దేవుడే నా నిండుదనం అని చెప్పేవారూ ఉన్నారు.

గ్రీకువారికి ష అనే ధ్వని లేదు. వారి నోట అది స అయింది, చివర ఒక త చేరింది. అలా బాప్తిస్మ యోహానుగారి తల్లి లూకా సువార్తలో ఎలీసబెత్ అయింది. లత్తీను దానిని ఉన్నదున్నట్టు తీసుకొంది. తరువాతి కాలపు గ్రీకువారు బ అనే అక్షరాన్ని వ అని పలికారు. వారి నుండి వేదం అందుకొన్న రష్యనులకు అది యెలిజవేత అయింది. హంగేరీలో ఎర్జేబెత్, ఇటలీలో ఎలిజబెత్తా. జర్మనులు దీనిని ముక్కలు చేసి ఎల్సా, ఇల్సే, లీజల్, లిస్‌బెత్ అన్నారు. స్కాట్లండువారు ఎల్స్‌పెత్ అన్నారు. ఆంగ్లేయుల బెట్టీ, లిజ్జీ, బెస్, ఎల్సీ అన్నీ ఈ ఒక్క చెట్టు కొమ్మలే.

స్పెయినులో జరిగింది మరీ తమాషా. వారి భాషలో ఎల్ అనేది నామవాచకానికి ముందు వచ్చే చిన్న మాట. పేరు మొదట ఉన్న ఎల్‌ను అటువంటిదే అనుకొని వదిలేశారని పండితులు అంటారు. చివరి త వారి నాలుకకు పడక ల అయింది. మిగిలింది ఇసబెల్. అది ఫ్రాన్సుకూ ఇటలీకీ వెళ్ళింది, ఇటలీలో తోక పెంచుకొని ఇసబెల్లా అయింది. అదే ఇసబెల్ నార్మనుల వెంట ఐర్లండు చేరి షిబేల్ అయింది. గ్రీకువాడి దగ్గర పోగొట్టుకొన్న ష, ఏ సంబంధమూ లేకుండా, పడమటి సముద్రపు ఒడ్డున మళ్ళీ దొరికిందన్నమాట.

మన తెలుగువాళ్ళు చేసింది కూడా ఇటువంటిదే. తోక కత్తిరించి అమ్మను తగిలించి ఎలీసమ్మ అన్నాము. ఎలిజబెత్ రాణి అనే పేర్లు కూడా మన విచారణల్లో తక్కువేమీ లేవు. వారిలో చాలామంది లండను రాణిగారిని చూసి పెట్టుకొన్నవారే అని నా అనుమానం. ఇక గోదావరి వాసులకు ఈ పేరుతో ఇంకొక బంధం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారు 1841లో పెళ్ళాడిన దొరసాని పేరు ఎలిజబెత్. 1842లో పుట్టిన వారి కుమార్తె పేరూ ఎలిజబెత్తే. ఆమె 1900లో తండ్రి జీవితచరిత్రను ప్రచురించింది. మన కాలువల కథను పుస్తకంగా అందించినది ఒక ఎలీసమ్మ అని ఆ నాయనమ్మతో అంటే ఏమంటుందో!

వేదంలోని ఎలిజబెతమ్మ తరువాత ఈ పేరును ఐరోపా అంతటా ప్రజలకు ప్రియం చేసినవారిలో ముఖ్యురాలు ఒక రాజుగారి కూతురు. 24 ఏళ్ళు మాత్రమే బతికింది. హంగేరీ పునీత ఎలిజబెతమ్మ అని ఆమెను పిలుస్తాము. పేరులోని ఒట్టు అనే అర్థం ఆమె జీవితంలో ఎంత నిజమైందో చూడండి.

ఆమె 1207లో హంగేరీ రాజు రెండవ ఆండ్రూకు, గెర్ట్రూడ్ రాణికి పుట్టింది. రాజుల పెళ్ళిళ్ళు రాజ్యాల ఒప్పందాలే గనుక నాలుగేళ్ళ పిల్లను జర్మనీలోని థురింజియా పాలకుల ఇంటికి పంపేశారు. అక్కడే పెరిగి ఆ ఇంటి కోడలు కావాలి. వార్ట్‌బుర్గ్ అనే కొండ మీది కోట అదే. పిల్లకు ఆరేళ్ళు వచ్చేసరికి, 1213లో, హంగేరీలో తల్లిని ప్రభువులు కుట్ర పన్ని చంపేశారు. 1221లో, పధ్నాలుగో ఏట, థురింజియా పాలకుడు లుడ్విగ్‌తో ఆమె పెళ్ళి జరిగింది. అతనికి అప్పుడు ఇరవై దాటాయి. ఒప్పందం కోసం జరిగిన పెళ్ళే అయినా వారిద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టుకొని బతికారు.

ఆమె సంగతులు మనకు ఇంత బాగా ఎలా తెలుసంటే, ఆమె చనిపోయిన నాలుగేళ్ళకు, 1235లో, పోపుగారి తరఫువారు నలుగురు ఆడవాళ్ళ వాంగ్మూలం తీసుకొన్నారు. చిన్ననాటి చెలికత్తె గూదా, కోటలో తోడున్న ఇసెంట్రూడ్, చివరి రోజుల్లో పనిచేసిన ఇర్మ్‌గార్డ్, ఎలిజబెత్ అనే మరొక పనిమనిషి. గొప్పవాళ్ళ చరిత్రలు ఆస్థాన పండితులు రాస్తారు. ఈమె చరిత్రను అంట్లు తోమినవాళ్ళు చెప్పారు. అందుకే అందులో ఇంటి వాసన ఉంటుంది. రాత్రి ప్రార్థనకు లేపడానికి తన కాలు పట్టి లాగమని ఆమె ఇసెంట్రూడ్‌కు చెప్పి పడుకొనేది. ఒకనాడు చీకట్లో ఆ మనిషి పొరపాటున దొరగారి కాలు లాగింది. లుడ్విగ్ ఉలిక్కిపడి లేచి, విషయం అర్థమై, ఏమీ అనకుండా మళ్ళీ పడుకొన్నాడు. అటువంటి భర్త.

1226లో ఆమె ఒక ప్రమాణం చేసింది. మార్బుర్గ్ కోన్రాడ్ అనే గురువుకు, భర్త అనుమతితో, భర్త హక్కులకు భంగం లేకుండా విధేయంగా ఉంటానని. ఆ గురువు ఆమెకు పెట్టిన మొదటి నియమాల్లో ఒకటి చాలా చిత్రమైనది. అన్యాయంగా వచ్చిన సొమ్ముతో వండినది ఏదీ తినకూడదు. ఆ రోజుల్లో కోటలోకి వచ్చే ధాన్యం, మాంసం, ద్రాక్షరసం అన్నీ న్యాయంగా రావు. అధికారులు రైతుల దగ్గర దండుకొన్నవి, ఎక్కువ పన్ను పేరుతో లాక్కొన్నవి, ఎవరి సొత్తో తెలియనివి అన్నీ ఒకే వంటశాలలో పడతాయి.

ఆమె ఆ నియమాన్ని అక్షరాలా పాటించింది. భోజనానికి భర్త పక్కనే కూర్చొనేది. వడ్డించే ప్రతిదాని గురించీ ఇది ఎక్కడిది అని అడిగేది. అనుమానం ఉంటే ముట్టదు. అతిథులు గమనించకుండా రొట్టె ముక్కలు తుంచి పళ్ళెంలో అటూ ఇటూ కదిపేది. తినేదొక్కటే న్యాయమైనదైతే చెలికత్తెలకు ఈ పూట తిండి మాత్రమే అని చెప్పేది. ద్రాక్షరసం భర్త సొంత తోటదైతే ఈ పూట తాగడమే అని చెప్పేది. రెండూ మంచివని తేలిన రోజున పసిపిల్లలా చప్పట్లు కొట్టేదట. నిండు విందులో ఆకలితో లేచిన రోజులు ఎన్నో. తనకూ అలాగే చేయాలని ఉందని, ఇంటివాళ్ళ నోళ్ళకు జంకుతున్నానని లుడ్విగ్ ఒప్పుకొన్నాడు.

ప్రియులారా, ఈ కథను నేను చాలా ఏళ్ళుగా చదువుతున్నాను. గులాబీల అద్భుతం కంటే ఇది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఆమె కొంగులోని రొట్టెలు గులాబీలుగా మారాయన్న కథ మీరు పటాల్లో చూసే ఉంటారు. ఆ పనిమనుషుల వాంగ్మూలంలో ఆ కథ లేదు. తరువాతి కాలం భక్తులు చేర్చుకొన్నది. దాన్ని కాదనవలసిన పని లేదు గాని, గులాబీలను చూసి సంతోషించడం సులువు. అన్నం ముద్ద చేతిలో పట్టుకొని ఇది ఎక్కడిది అని అడగడం సులువు కాదు. మన కోనసీమలో 2011లో రైతులు పంట విరామం ప్రకటించి సార్వా మానేశారు. పండించినవాడికి గిట్టడం లేదని గదా! కౌలు మిగలక ఒకరు, కూలి చాలక ఒకరు, రొయ్యల చెరువు ఉప్పు పక్క చేలోకి దిగి ఇంకొకరు ఏడుస్తుంటే, మనందరి కంచాల్లోకీ అన్నం మాత్రం తెల్లగానే వస్తుంది. పండుగ విందుల్లో నేనూ ఎక్కడిదని అడగకుండానే తిని వస్తున్నాను.

అదే 1226లో జర్మనీలో కరవు వచ్చింది. లుడ్విగ్ చక్రవర్తి పని మీద ఇటలీలో ఉన్నాడు. ఆమెకు పందొమ్మిదేళ్ళు. గాదెలన్నీ తెరిపించింది. ఎవరికి ఎంత పడితే అంత పోయలేదు. కొత్త పంట చేతికొచ్చేదాకా సరిపోవాలని ప్రతి మనిషికీ ఏ రోజుకారోజు కొలిచి ఇచ్చింది. కొండ కింద ఒక ఆసుపత్రి పెట్టించి, రోగుల దగ్గరకు రోజుకు పలుమార్లు తానే దిగి వెళ్ళేది. కోతలు రాగానే ఒంట్లో సత్తువ ఉన్నవారికి చొక్కాలు, చెప్పులు, కొడవళ్ళు ఇచ్చి పంపింది. కోసిన చేలో కొయ్యలు కాళ్ళకు గుచ్చుకోకూడదని చెప్పులు. రాజు కూతురికి ఆ సంగతి ఎలా తెలిసిందో! చేలో దిగినవాళ్ళను దగ్గరగా చూడనిదే తెలిసేది కాదది. లుడ్విగ్ తిరిగి వచ్చాక అధికారులు మూకుమ్మడిగా ఫిర్యాదు చేశారు. కోటలు అమ్మేయలేదు గదా, ఇవ్వనీయండని అతను వారిని పంపేశాడు.

1996 నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు నేను సెమినరీ విద్యార్థిని. సహాయానికి మమ్మల్నీ పంపారు. కొబ్బరిచెట్లు దారులకు అడ్డంగా పడి ఉన్నాయి. ఒక ఊళ్ళో బియ్యం లారీ వచ్చింది, మూటలు ఎవరి అరుగు మీద దించాలో తేలక మధ్యాహ్నం దాకా తాళ్ళు విప్పలేదు. రోజుకు ఇంతని కొలిచి ఇచ్చిన ఈ పంతొమ్మిదేళ్ళ పిల్ల కథ అప్పటికి నాకు సరిగా తెలియదు. మనకు ఇంకా దగ్గరి మనిషి కావాలంటే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఉన్నారు. 1841లో పుట్టి 1909లో గతించిన ఆ తల్లి వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టింది. గన్నవరం దగ్గర వైనతేయ మీది కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. వార్ట్‌బుర్గ్ గాదెలు ఎలా ఉండేవో ఊహించలేనివారికి సీతమ్మగారి పొయ్యి తప్పక అర్థమవుతుంది.

1227లో లుడ్విగ్ సిలువ యుద్ధానికి బయలుదేరాడు. భార్య కడుపులో మూడో బిడ్డ ఉంది. సెప్టెంబరు 11న ఇటలీలోని ఒట్రాంటో రేవులో జ్వరంతో చనిపోయాడు. ఇరవై ఏళ్ళకే ఆమె విధవరాలు. ఆ చలికాలంలోనే ఆమె కోట విడిచింది. మరిది వెళ్ళగొట్టాడని కొందరు, భర్త లేని ఆ బల్ల మీద న్యాయమైన తిండి ఇక దొరకదని తానే బయటికి నడిచిందని కొందరు చరిత్రకారులు రాస్తారు. మొదటి రాత్రి ఐసెనాక్ పట్టణంలో ఒక పూటకూళ్ళవాడి పెరట్లో, అంతకు ముందు పందులను ఉంచిన పాకలో గడిపింది. అర్ధరాత్రి లేచి ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠానికి వెళ్ళి దేవునికి స్తుతిగీతం పాడమని అడిగింది. తరువాత బిషపు అయిన మేనమామ మళ్ళీ పెళ్ళి చేయాలని చూశాడు. ఆమె ఒప్పుకోలేదు. అప్పటికే ఇచ్చిన మాట ఉంది.

1228 పవిత్ర శుక్రవారం నాడు పీఠం మీద చేతులుంచి తన వారినీ తన ఇష్టాన్నీ విడిచిపెడుతున్నానని మాట ఇచ్చింది. ఆస్తిని కూడా వదులుకోబోతుంటే కోన్రాడ్ గురువే ఆపాడు. భర్త అప్పులు తీర్చాలి, బీదలకు పెట్టాలి, అందుకు సొమ్ము ఉండాలని. అది మంచి ఆలోచనే. వాటాగా రెండు వేల మార్కుల వెండి, మార్బుర్గ్‌లో కొంత భూమి దక్కాయి. ఒక్క రోజున ఐదు వందల మార్కులు పంచేసింది. మిగిలినదానితో మార్బుర్గ్‌లో ఆసుపత్రి కట్టించి పునీత ఫ్రాన్సిస్ పేరు పెట్టింది. బూడిద రంగు ముతక బట్ట కట్టి, రోగులను కడిగి, అంట్లు తోమి, ఉన్ని వడికి కూలి సంపాదించుకొంది. హంగేరీ నుండి తండ్రి పంపిన దొర వచ్చి చూసేసరికి రాజకుమార్తె కదురు ముందు కూర్చొని ఉంది. అతను నిర్ఘాంతపోయాడు. ఆమె వెళ్ళనంది. చిన్నబిడ్డ గెర్ట్రూడ్‌ను రెండేళ్ళైనా నిండకముందే ఆల్టెన్‌బెర్గ్ కన్యల మఠానికి ఇచ్చేసింది. ఈ ఒక్క విషయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ బిడ్డ పెద్దదై అదే మఠానికి పెద్దమ్మగారు అయింది నిజమే, అయినా తల్లి కావాలనే వయసు గదా అది.

కోన్రాడ్ గురించి గురువునై ఉండి నేను దాచకూడదు. అతను బీదరికంలో బతికాడు, లంచానికి లొంగలేదు. కాని మనిషి కఠినుడు. ఆమెకు ప్రాణమైన గూదాను, ఇసెంట్రూడ్‌ను దూరం చేసి గయ్యాళి ఆడవాళ్ళను కాపలా పెట్టాడు. అనుమతి లేకుండా మఠం లోపలికి వెళ్ళారని ఆమెనూ ఇర్మ్‌గార్డ్‌నూ కర్రతో కొట్టించాడు. ఆ దెబ్బల వాతలు తనకు మూడు వారాలు, అమ్మగారికి ఇంకా ఎక్కువ రోజులు ఉన్నాయని ఇర్మ్‌గార్డ్ చెప్పింది. ఎలిజబెతమ్మ తనను ఏటి గడ్డితో పోల్చుకొంది. వరద వచ్చినప్పుడు వంగుతుంది, నీరు తీసేశాక లేస్తుంది. గోదావరి లంకల్లో రెల్లు చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. అయితే ఒక మాట. ఇంట్లో దెబ్బలు తిని నా దగ్గరకు వచ్చే అమ్మలకు నేను ఈ కథ చెప్పను. ఓర్పు ఆమెది, పాపం కొట్టినవాడిది. విశ్వాస విచారణాధికారిగా ఎందరినో మంటల పాలు చేసిన కోన్రాడ్‌ను 1233లో దారి కాచి చంపేశారు.

ఎలిజబెతమ్మ 1231 నవంబరు 17న కన్నుమూసింది. నాలుగేళ్ళు తిరగకుండా, 1235 మే 27న పెంతెకోస్తు పండుగనాడు, తొమ్మిదవ గ్రెగోరీ పోపుగారు పెరూజియాలో ఆమెను పునీతురాలుగా ప్రకటించారు. అదే ఏడు మార్బుర్గ్‌లో ఆమె సమాధి మీద గుడికి పునాది వేశారు. 1236లో ఆమె అస్థికలను పైకి తీసినప్పుడు చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ స్వయంగా వచ్చాడు. మూడు వందల ఏళ్ళ తరువాత, 1539లో, ఆమె వంశంవాడే అయిన ఫిలిప్ ప్రభువు మతసంస్కరణల కాలంలో ఆ అస్థికలను అక్కడ నుండి తీయించేశాడు. అదే వార్ట్‌బుర్గ్ కోటలో తలదాచుకొని నూత్న వేదాన్ని జర్మను భాషలోకి మార్చిన లూథర్‌గారు తన కూతురికి ఎలిజబెత్ అని పేరు పెట్టుకొన్నారు. అస్థికలు పోయినా పేరు పోలేదు.

ఇక ఇసబెల్లా సంగతి. ఎలిజబెతమ్మ సవతి చెల్లెలు యోలందాను స్పెయినులోని ఆరగాన్ రాజుకు ఇచ్చారు. యోలందా మనుమరాలు 1271లో పుడితే, పునీతురాలైన ఆ పెద్దమ్మమ్మ పేరే పెట్టారు. స్పెయిను నోట అది ఇసబెల్ అయింది. ఆ ఇసబెల్ పోర్చుగల్ రాణి అయింది, బీదలకు పెట్టింది, తగవులాడే భర్తకూ కొడుకుకూ మధ్య నిలబడింది, 1336లో చనిపోయి 1625లో తానూ పునీతురాలైంది. కొంగులో గులాబీల కథ ఈమెకు కూడా చెబుతారు. ఒక ఇంటిలోనే, ఒక పేరుతోనే, ఒకరు ఎలిజబెత్, ఒకరు ఇసబెల్. మన పాప విషయంలో జరిగినదానికీ దీనికీ తేడా ఏముంది?

పై ఆదివారం ఆ కుటుంబం మళ్ళీ వచ్చింది. ఇదంతా విన్నాక నాయనమ్మ మెత్తబడింది. పుస్తకంలో ఇసబెల్లా అని రాశాను. ఇంట్లో మాత్రం తాను ఎలీసమ్మ అనే పిలుస్తానని ఆవిడ ముందే చెప్పేసింది. పేరు పండుగ ఎప్పుడు చేయాలన్నది తరువాతి ప్రశ్న. పోర్చుగల్ రాణిది జులై 4, హంగేరీ ఎలిజబెతమ్మది నవంబరు 17. జులైలో నారుమళ్ళు, నాట్లు, నవంబరులో కోతలు, ఎప్పుడూ ఖాళీ ఉండదని నాయనమ్మ విసుక్కుంది. పిల్ల తండ్రి కాసేపు ఆలోచించి, నవంబరులోనే చేద్దామని, చేలో ఉన్నవాళ్ళందరికీ భోజనం అక్కడికే పంపుదామని అన్నాడు.